స్పైరల్ సెపరేటర్‌తో సన్నటి ఖనిజాన్ని ఇసుక నుంచీ, సన్నటి బొగ్గుని రాయి నుంచీ వేరు చేయడం: ఫీడ్ నుంచి స్ప్లిట్టర్ దాకా

స్పైరల్ అంటే మెలికల గాడిలో నీటితో పాటు జారే గింజల్ని బరువుని బట్టి విడదీసే యంత్రం. దాని దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్లు ముందు చెయ్యి వేసేది స్ప్లిట్టర్ మీదే, అంటే గాడి చివర ధారను చీల్చే పలక మీదే. కాన్సెంట్రేట్‌లో, అంటే మనం పట్టుకునే బరువైన ఖనిజంలో, ఇసుక ఎక్కువొస్తోందంటే స్ప్లిట్టర్‌ని కాస్త లోపలికి తిప్పుతారు, రికవరీ, అంటే సరుకులోని ఖనిజంలో మన చేతికొచ్చే వంతు, తగ్గిందంటే కాస్త బయటికి. గంట తర్వాత మళ్లీ అదే కథ. ఎందుకంటే మారింది స్ప్లిట్టర్ కాదు, పైనుంచి వచ్చే ఫీడ్, అంటే నీరు కలిపిన సరుకు (స్లర్రీ).

ఈ యంత్రంలో కదిలే భాగం ఒక్కటీ లేదు. మోటారు లేదు, బేరింగ్ లేదు, బెల్టు లేదు. నిలువు స్తంభం చుట్టూ మెలికలు తిరుగుతూ దిగే ఒక గాడి, పైన ఫీడ్ బాక్స్, కింద రెండు మూడు స్ప్లిట్టర్లు, అంతే. అందుకే ఇది మనం పైన ఏం పోశామో దాన్ని బట్టే పనిచేస్తుంది. ఫీడ్ సైజు, చిక్కదనం, ప్రవాహం, ఈ మూడూ కుదురుగా ఉంటే స్పైరల్ నెలల తరబడి ఒకేలా నడుస్తుంది. ఈ మూడిట్లో ఒక్కటి ఊగినా స్ప్లిట్టర్‌తో దాన్ని సరిచేయలేం. ఈ గైడ్‌లో సగం ఫీడ్ గురించే ఉండడానికి కారణం అదే, దయచేసి ఆ భాగం దాటేయకండి.

ముందు, మీ సరుకు దీనికి పనికొస్తుందా?

మూడు విషయాలు చూడాలి: గింజ సైజు, సాంద్రతల మధ్య తేడా, గింజలు విడివిడిగా ఉన్నాయా లేదా.

సైజు విషయానికొస్తే, ఖనిజాలకు సుమారు 75 మైక్రాన్ల నుంచి 2, 3 మిల్లీమీటర్ల వరకు స్పైరల్ పనిచేస్తుందని చెబుతారు గానీ, ఆ రెండు కొసల్లోనూ ఫలితం నీరసంగానే ఉంటుంది. బాగా పనిచేసేది 0.1 నుంచి 1 మి.మీ. మధ్యే. బొగ్గుకైతే 0.1 లేదా 0.15 నుంచి 1 మి.మీ. వరకు. అంతకంటే పెద్ద బొగ్గును హెవీ మీడియా సైక్లోన్ (బరువు ద్రవంలో సుడి తిప్పి విడదీసేది) చూసుకుంటుంది, అంతకంటే సన్నదాన్ని ఫ్లోటేషన్ (నురగతో తేల్చి విడదీయడం) చూసుకుంటుంది. ఆ రెంటికీ మధ్యలో, ఒకదానికి మరీ సన్నగా రెండోదానికి మరీ ముతకగా ఉండిపోయే భాగానికి స్పైరల్ సరిగ్గా సరిపోతుంది.

సాంద్రతలకు ఒక పాత లెక్క ఉంది, ఇప్పటికీ పనికొస్తుంది. బరువైన ఖనిజం సాంద్రతలోంచి నీటి సాంద్రత 1 తీసేయండి, తేలికదాని సాంద్రతలోంచీ 1 తీసేయండి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఇల్మనైట్ (టైటానియం ఖనిజం) 4.7, క్వార్ట్జ్ (మామూలు ఇసుక) 2.65 అనుకుంటే 3.7ని 1.65తో భాగిస్తే 2.24. హెమటైట్ (ఇనుప ఖనిజం) 5.2 అయితే 2.55. కాసిటరైట్, అంటే తగరపు ఖనిజం, 7 దగ్గర ఉంటుంది కాబట్టి 3.6 వస్తుంది. 2.5 దాటితే సన్నటి గింజల్లో కూడా గ్రావిటీతో వేరు చేయడం తేలిక. 1.75 నుంచి 2.5 మధ్య ఉంటే సన్నటి కొసన జాగ్రత్త అవసరం. 1.5 దగ్గరికి వచ్చేస్తే స్పైరల్ మీద ఆశ పెట్టుకోకండి. గార్నెట్‌నీ ఇల్మనైట్‌నీ ఒకదాన్నుంచి ఇంకొకటి స్పైరల్‌తో విడదీయాలని ప్రయత్నించి విసిగిపోయినవాళ్లను చూశాను. 4కీ 4.7కీ మధ్య లెక్క వేస్తే 1.23 వస్తుంది. అది మాగ్నెట్ చేయాల్సిన పని.

మూడోది చాలామంది మర్చిపోతారు. బరువైన ఖనిజం క్వార్ట్జ్‌తో అతుక్కుని ఒకే గింజలో ఉంటే స్పైరల్ దాన్ని విడగొట్టలేదు, ఆ గింజ మధ్యరకం బరువుతో మధ్యలోనే తిరుగుతుంది. కాబట్టి ముందు శాంపిల్‌ని జల్లెడ పట్టి ఒక్కో సైజు భాగాన్నీ సింక్-ఫ్లోట్ పరీక్షకు, అంటే బరువు ద్రవంలో ఏది మునుగుతుందో ఏది తేలుతుందో చూసే పరీక్షకు, పంపండి. ఖనిజాలకు సోడియం పాలీటంగ్‌స్టేట్ లాంటి బరువు ద్రవం వాడతారు. బ్రోమోఫామ్ కూడా పనిచేస్తుంది గానీ అది విషం, గాలి లాగే హుడ్ లేకుండా ముట్టుకోవద్దు. బొగ్గుకు జింక్ క్లోరైడ్ ద్రావణాలతో 1.3 నుంచి 1.8, 2.0 సాంద్రత దాకా మెట్లుగా చేస్తారు. ఆ పట్టిక చేతిలో ఉంటే, స్పైరల్ నుంచి ఎంత మేరకు ఆశించవచ్చో ముందే తెలుస్తుంది.

గాడిలో అసలేం జరుగుతోంది

వంపు తిరిగే నదిని గుర్తుచేసుకోండి. వంపు బయటి ఒడ్డున నీరు లోతుగా, జోరుగా పోతుంది, ఒడ్డును కోస్తుంది. లోపలి ఒడ్డున నీరు పలచబడి ఇసుక తిన్నె పడుతుంది. స్పైరల్ అంటే అలాంటి వంపు ఆగకుండా ఐదు నుంచి ఏడు చుట్లు తిరగడం.

నీరు కిందికి దిగుతూ తిరుగుతుంది కాబట్టి అపకేంద్ర బలం దాన్ని బయటికి నెడుతుంది. అయితే పైపొరలో నీరు వేగంగా పోతుంది, అడుగున గాడిని రాసుకుంటూ పోయే పొర నిదానంగా పోతుంది. వేగం ఉన్న పైపొర బయటికి వెళ్తుంది, ఆ ఖాళీని నింపడానికి అడుగుపొర లోపలికి వస్తుంది. అంటే గాడికి అడ్డంగా ఒక చిన్న సుడి: పైన బయటికి, కింద లోపలికి. స్పైరల్ రహస్యమంతా ఈ సుడిలోనే ఉంది.

బరువైన గింజ త్వరగా అడుగుకు చేరుతుంది, అడుగు పొర దాన్ని లోపలికి, స్తంభం వైపుకు లాక్కొస్తుంది. తేలిక గింజ పైపొరలో తేలుతూ బయటికి పోతుంది. దీనికి తోడు గింజలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దొర్లేటప్పుడు ఆ పొర కాస్త విచ్చుకుంటుంది, ఆ సందుల్లోంచి సన్నటి బరువు గింజలు కిందికి జారతాయి, పెద్ద తేలిక గింజలు పైకి తేలతాయి. లోపలి అంచున నీటి లోతు కొద్ది మిల్లీమీటర్లే, అక్కడ ప్రవాహం నెమ్మది. బయటి గోడ దగ్గర సెంటీమీటరు దాటవచ్చు, అక్కడ నీరు ఉరకలేస్తుంది.

ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. నీరు మరీ ఎక్కువైతే బయటి జోరు పెరిగి సన్నటి బరువు గింజల్ని అడుగుకు చేరనివ్వకుండా ఎత్తుకుపోతుంది. నీరు తక్కువైతే సుడికి బలం చాలక తేలిక ఇసుక లోపలే కూర్చుండిపోతుంది. బురద ఎక్కువైతే నీరే చిక్కబడి ఏ గింజా సరిగ్గా దిగదు.

ఫీడ్ తయారీ: అసలు పని ఇక్కడే

మొదట చెత్త. పుల్లలు, వేర్లు, ప్లాస్టిక్ ముక్కలు, గుడ్డ పోగులు, ఇవి ఫీడ్‌లో రాకుండా ట్రాష్ స్క్రీన్ తప్పనిసరిగా ఉండాలి. నేను పనిచేసిన ఒక చోట, ఒక్క స్పైరల్ మాత్రం పదేపదే పేలవమైన కాన్సెంట్రేట్ ఇచ్చేది. స్ప్లిట్టర్ మార్చారు, స్తంభం నిటారుగా ఉందో లేదో చూశారు, ఏదీ తేలలేదు. చివరికి ఒక రాత్రి షిఫ్టులో ఆపరేటర్ టార్చిలైటు పెట్టి చూస్తే, స్ప్లిట్టర్ మొనకు వేలెడు పొడవు నైలాన్ పోగు చుట్టుకుని ఉంది. ఆ పోగు వెనక నీరు చీలి ఇసుకంతా కాన్సెంట్రేట్ వైపు తిరుగుతోంది. తీసేసిన ఐదు నిమిషాల్లో కాన్సెంట్రేట్ పట్టీ (గాడిలో బరువు గింజలు గీతలా జారే భాగం) శుభ్రమైంది. అప్పటినుంచి ప్రతి షిఫ్టులో ఒకసారి అన్ని స్ప్లిట్టర్ల మొనలూ వేలితో తుడిచేవాళ్లం.

తర్వాత ముతక. ఖనిజ స్పైరల్‌కి 2 మి.మీ., బొగ్గు స్పైరల్‌కి 1 మి.మీ. పైది స్క్రీన్ మీదే ఆగిపోవాలి. ముతక కాస్త వెళ్తే ఏమవుతుందిలే అనుకోకండి. ముతక క్వార్ట్జ్ గింజ తన సైజు వల్లే అడ్డదిడ్డంగా దొర్లి పట్టీలను చెదరగొడుతుంది.

ఆ తర్వాత బురద, అంటే స్లైమ్స్. దాదాపు 45 మైక్రాన్ల లోపు సరుకు, ముఖ్యంగా బంకమట్టి, స్పైరల్‌కి పెద్ద శత్రువు. సైక్లోన్‌లో (సుడి తిప్పి సన్నదాన్ని వేరుచేసే గరాటులో) పెట్టి ఓవర్‌ఫ్లోలోకి, అంటే పైనుంచి పోయే నీటిలోకి, పంపించేయండి. ఎంత మిగిలిందో చూడడానికి ల్యాబ్ కూడా అవసరం లేదు: ఫీడ్ స్లర్రీని గాజు జాడీలో పట్టి, కలిపి, అర నిమిషం వదిలేయండి. ఇసుక కిందికి దిగిపోయి పైనీరు పలచటి టీ రంగులో ఉంటే ఫరవాలేదు. వెనక వేలు పెడితే కనిపించనంత చిక్కగా ఉంటే సైక్లోన్ దగ్గరికి వెళ్లండి, స్పైరల్ దగ్గరికి కాదు. ఇది కచ్చితమైన కొలత కాదు, కానీ రోజూ ఒకే జాడీలో చూస్తే తేడా ఇట్టే పట్టుబడుతుంది.

ఇప్పుడు చిక్కదనం. ఖనిజ స్పైరల్‌కి బరువు లెక్కన 25 నుంచి 40 శాతం ఘనపదార్థం, బొగ్గుకు 25 నుంచి 35 శాతం. కొలవడానికి సరిగ్గా ఒక లీటరు పట్టే డబ్బా, ఒక తూకం చాలు. ఫీడ్ నిండా పట్టి తూచండి. డబ్బా బరువు తీసేశాక 1.25 కిలోలు వచ్చిందనుకుందాం, సరుకు సగటు సాంద్రత 2.8 అనుకుందాం. 1 కంటే ఎక్కువున్నది 0.25. దాన్ని 2.8తో గుణించి, 2.8లోంచి 1 తీసేస్తే వచ్చే 1.8తో భాగిస్తే 0.389 కిలోలు. అది లీటరులో ఉన్న పొడి సరుకు. 0.389ని 1.25తో భాగిస్తే 31 శాతం.

ఇదే లెక్క బొగ్గుకు వేయండి. ఫీడ్ సగటు సాంద్రత 1.6, లీటరు బరువు 1.13 కిలోలు. 0.13ని 1.6తో గుణించి 0.6తో భాగిస్తే 0.347, దాన్ని 1.13తో భాగిస్తే మళ్లీ 31 శాతం దగ్గరే. గమనించారా, ఒకే శాతానికి ఖనిజంలో లీటరు బరువు 1.25, బొగ్గులో 1.13. అంటే బొగ్గు స్లర్రీలో 20 గ్రాముల తూకం తేడా వస్తే శాతం నాలుగైదు పాయింట్లు మారిపోతుంది. ఖనిజం ప్లాంటు నుంచి బొగ్గు వైపు వచ్చినవాళ్లు ఈ విషయం పట్టించుకోక తప్పు అంకెలు రాస్తుంటారు. డబ్బా నిండేలోపు ఇసుక అడుగున దిగి నీళ్లు పొర్లిపోతే కూడా తప్పు బరువే వస్తుంది, కాబట్టి ధారలో ఒకే విసురులో పట్టండి.

చిక్కదనం తర్వాత ప్రవాహం. ఒక్కో గాడికి, అంటే ఒక్కో స్టార్ట్‌కి, ఖనిజాల్లో సాధారణంగా గంటకు 1 నుంచి 3 టన్నుల పొడి సరుకు, బొగ్గులో 2 నుంచి 3 టన్నులు. దీన్ని బకెట్ భాషలోకి మారిస్తే పని తేలికవుతుంది. 31 శాతం చిక్కదనంలో గంటకు 1.5 టన్నుల ఖనిజం అంటే సెకనుకు సుమారు 1.1 లీటర్ల స్లర్రీ, 10 లీటర్ల బకెట్ దాదాపు 9 సెకన్లలో నిండాలి. గంటకు 2.5 టన్నుల బొగ్గు అంటే సెకనుకు 2 లీటర్లు, అదే బకెట్ 5 సెకన్లలో నిండాలి. మీ ప్లాంటు అంకెలతో ఈ సెకన్లు లెక్కేసి గాడులకు ఫీడ్ పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గర పెయింటుతో రాసి పెట్టండి.

ఎంత ప్రవాహం అనేదానికంటే అది నిలకడగా ఉందా అనేది ఇంకా ముఖ్యం. సంప్‌లో, అంటే పంపు స్లర్రీని తీసుకునే తొట్టిలో, మట్టం పడిపోయి పంపు గాలి మింగితే ప్రవాహం గుక్కలు గుక్కలుగా వస్తుంది. స్పైరల్ కింద నిలబడి చూస్తే పట్టీల గీత ఊపిరి పీల్చి వదిలినట్టు లోపలికీ బయటికీ కదులుతుంటుంది. అలా కదులుతున్నంతసేపు స్ప్లిట్టర్‌ని ఎక్కడ పెట్టినా సగం సమయం అది తప్పు చోటే ఉంటుంది. సంప్‌లోకి మట్టం చూసుకుని నీరు వదిలే వాల్వు పెట్టండి, లేదంటే పైన ఓవర్‌ఫ్లో ఉన్న కాన్‌స్టంట్ హెడ్ ట్యాంక్ పెట్టండి. నాకు డబ్బు ఒక్కచోటే పెట్టే అవకాశం ఇస్తే కొత్త స్పైరళ్ల మీద కాదు, దీని మీదే పెడతాను.

చివరగా డిస్ట్రిబ్యూటర్. ఒక పంపు నుంచి పది, ఇరవై, నలభై గాడులకు సమానంగా పంచాలి. పంచుతోందో లేదో నమ్మకం మీద వదిలేయకండి. బకెట్, స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో స్టార్ట్ కొలవండి. ప్రవాహమే కాదు, చిక్కదనం కూడా. డిస్ట్రిబ్యూటర్ ఏటవాలుగా ఉంటే ఒక వైపు ముతక ఇసుక, ఇంకో వైపు పలచటి నీరు పోతాయి, మొత్తం లీటర్లు మాత్రం సమానంగానే కనిపిస్తాయి.

ఏ స్పైరల్, ఎన్ని

ఇప్పుడు మనం చూసే ఫైబర్‌గ్లాస్, పాలీయురేథేన్ పూత స్పైరళ్లకు ముందు పోత ఇనుముతో చేసినవి ఉండేవి. ఐ.బి. హంఫ్రీస్ రూపొందించిన స్పైరల్‌ని 1943లో అమెరికాలోని ఒరెగాన్‌లో క్రోమైట్ ఇసుక కోసం వాణిజ్యంగా వాడారు. వాటిలో లోపలి అంచు వెంబడి కన్నాలుండేవి, బరువు ఖనిజాన్ని మలుపు మలుపుకీ అక్కడినుంచి తీసేవాళ్లు, కడగడానికి విడిగా నీరు పెట్టేవాళ్లు. నేటి రకాల్లో చాలావాటికి ఆ కడుగునీరు అక్కర్లేదు, గాడి ఆకారమే ఆ పని చేస్తుంది.

ఎంచుకునేటప్పుడు ముఖ్యంగా చూడాల్సింది గాడి వాలు, వెడల్పు. బరువు ఖనిజాలకు వాలు ఎక్కువ, బొగ్గుకు వాలు తక్కువ, వెడల్పు ఎక్కువ. బొగ్గు స్పైరల్‌లో ఇల్మనైట్ ఇసుక పోస్తే అది కదలకుండా కూర్చుంటుంది, ఖనిజ స్పైరల్‌లో బొగ్గు పోస్తే రాయీ బొగ్గూ కలిసి జారిపోతాయి. ఫీడ్‌లో బరువు ఖనిజం ఎక్కువ శాతం ఉండే ఇనుప ఖనిజానికి వేరు గాడి, రెండు మూడు శాతమే ఉండే ఇసుకకు వేరు గాడి తయారుచేస్తారు. కాబట్టి తయారీదారుకు ఫీడ్ గ్రేడ్, అంటే అందులో బరువు ఖనిజం ఎంత శాతమో, చెప్పకుండా కొటేషన్ అడగొద్దు.

సంఖ్య లెక్క సులువే. గంటకు 60 టన్నులు, స్టార్ట్‌కి 1.5 అనుకుంటే 40 స్టార్ట్‌లు. ఒక స్తంభానికి మూడు గాడులు చుట్టే ట్రిపుల్ స్టార్ట్ అయితే 14 స్తంభాలు, పైన ఒకటి రెండు అదనం. ట్రిపుల్ స్టార్ట్ స్థలం ఆదా చేస్తుంది గానీ గాడుల మధ్య సందు తక్కువ, చెయ్యి పెట్టి శుభ్రం చేయడం కష్టం. స్థలం ఉంటే నేను డబుల్ స్టార్ట్ వైపే మొగ్గుతాను.

నిలబెట్టడం, మొదలుపెట్టడం

స్తంభాన్ని తూకపు గుండుతో నిటారుగా చూసుకోండి. ఒక పక్కకు వాలితే గాడి వాలు ఒక వైపు పెరిగి మరో వైపు తగ్గుతుంది. ఫీడ్ బాక్స్ నుంచి స్లర్రీ గాడిలోకి చిందకుండా, దూకకుండా, మెత్తగా దిగాలి. స్ప్లిట్టర్ల దగ్గర మంచి లైటు పెట్టించండి, ఇది అందరూ చివరికి వదిలేసే విషయం. చీకట్లో పట్టీలు కనిపించవు.

కొత్త గాడి మీద నీళ్లు పోస్తే బొట్లు బొట్లుగా విడిపోతుంటే తయారీలో వాడిన జిడ్డు ఇంకా ఉందన్నమాట. సబ్బునీళ్లతో మెత్తటి గుడ్డతో తుడవండి, గరుకు బ్రష్ వద్దు. తర్వాత ఉత్తి నీళ్లతో నడిపి లీకులు, చిందులు చూసుకుని, అప్పుడు మెల్లగా సరుకు కలపండి. అనుకున్న చిక్కదనం వచ్చాక కూడా పదిహేను నిమిషాలు ఏదీ ముట్టుకోకుండా చూడండి. కొత్త గాడులు మొదటి కొన్ని రోజులు కాస్త వేరుగా ప్రవర్తిస్తాయి, ఇసుక రాపిడికి పైపూత సరిపడ్డాక కుదుటపడతాయి. కాబట్టి మొదటి రోజు అంకెలు చూసి టెన్షన్ పడొద్దు.

పట్టీలు చదవడం, అప్పుడు స్ప్లిట్టర్

ఇప్పుడు కింది మలుపు దగ్గర వంగి చూడండి. సముద్రపు ఇసుక నడుస్తుంటే లోపలి అంచున నల్లటి ఇల్మనైట్ పట్టీ మెరుస్తూ, దాదాపు నీరు లేనట్టుగా, పాకుతున్నట్టు జారుతుంది. దాని పక్కనే గార్నెట్ ఉంటే ఎర్రటి జీర. ఆ తర్వాత బూడిద రంగు కలగాపులగం, అదే మిడ్లింగ్స్. ఆపైన లేత రంగు క్వార్ట్జ్ విశాలంగా, చివర గోడ దగ్గర నురగతో పరిగెత్తే నీరు. మొదటి రెండు మూడు మలుపుల్లోనే పట్టీలు రూపు దిద్దుకుంటాయి, మిగతా మలుపులు వాటిని శుభ్రం చేస్తాయి.

నల్ల పట్టీ అంచు మీద వేలిమొన ఆనించి చూడండి. లోపలి వైపు గింజలు బరువుగా, వేలిని నెడుతున్నట్టు తగులుతాయి, కాస్త బయటికి జరిపితే ఇసుక వదులుగా పక్కనుంచి దాటిపోతుంది. ఆ తేడా తెలిసే చోటే సరిహద్దు. రఫర్‌లో, అంటే మొదటి దశ స్పైరల్‌లో, స్ప్లిట్టర్‌ని ఆ సరిహద్దుకు కాస్త బయటే పెట్టండి, ఇసుక కొంచెం వచ్చినా ఫరవాలేదు, ఖనిజం పోకూడదు. క్లీనర్‌లో, అంటే రఫర్ పట్టినదాన్ని మళ్లీ శుభ్రం చేసే దశలో, సరిగ్గా సరిహద్దు మీద లేదా కాస్త లోపల. స్ప్లిట్టర్ ఒకసారి కదిపితే పది నిమిషాలు ఆగి, శాంపిల్ తీసి, అప్పుడే రెండోసారి కదపండి. ఒకే బ్యాంకులోని, అంటే ఒకే వరస స్పైరళ్లలోని, స్ప్లిట్టర్లన్నీ ఒకే గుర్తు దగ్గర ఉండేలా చూడండి, ఒక్కొక్కరు ఒక్కోలా పెట్టిన బ్యాంకు శాంపిల్‌కి అర్థమే ఉండదు.

శాంపిల్ తీసి లెక్క చూసుకోవడం

కంటితో చూసింది అంకెతో సరిపోల్చకపోతే మన కన్నే మనల్ని మోసం చేస్తుంది. కాన్సెంట్రేట్, మిడ్లింగ్స్, టెయిలింగ్స్ (పారేసే భాగం) మూడూ ఒకే సమయంలో, ఒకే సెకన్ల పాటు, ధార మొత్తం పడేలా పట్టండి. ధారలో సగం పట్టిన శాంపిల్ పారబోయడం మేలు. రెండు గంటల పాటు పావుగంటకోసారి పట్టి కలిపితే నమ్మదగ్గ సగటు వస్తుంది.

మిడ్లింగ్స్ తిరిగి ఫీడ్‌లోకి వెళ్తుంటే, సర్క్యూట్ మొత్తం మీద రెండు ఉత్పత్తుల లెక్క చాలు. కొత్త ఫీడ్‌లో బరువు ఖనిజం 12 శాతం, కాన్సెంట్రేట్‌లో 60, టెయిలింగ్స్‌లో 2 అనుకోండి. 12లోంచి 2 తీస్తే 10, 60లోంచి 2 తీస్తే 58. 10ని 58తో భాగిస్తే 17.2 శాతం, అంటే ఫీడ్‌లో అంత బరువు కాన్సెంట్రేట్‌గా వచ్చింది. దాన్ని 60తో గుణించి 12తో భాగిస్తే రికవరీ 86 శాతం. మిగతా 14 శాతం ఎక్కడ పోయిందో తెలియాలంటే టెయిలింగ్స్‌ని జల్లెడ పట్టి ఒక్కో సైజులో ఖనిజం ఎంతుందో చూడండి. 100 మైక్రాన్ల కింద ఎక్కువుంటే ప్రవాహం ఎక్కువ లేదా బురద ఎక్కువ. అన్ని సైజుల్లోనూ సమానంగా పోతుంటే స్ప్లిట్టర్ మరీ లోపలికి ఉంది. ముతకలో పోతుంటే అతుక్కున్న గింజలు అయ్యుండొచ్చు, భూతద్దం కింద చూడండి. నేను చూసినంతలో రికవరీ గురించిన వాదనలు సగం ఈ ఒక్క పరీక్షతో తేలిపోతాయి.

బొగ్గులో అంతా తిరగబడుతుంది

బొగ్గు స్పైరల్‌లో మనకు కావలసింది తేలికది. కాబట్టి లోపలి పట్టీ రిజెక్ట్, బయటిది క్లీన్ కోల్. రంగు సాయం కూడా అంతగా ఉండదు, నలుపు పక్కన బూడిదరంగు నలుపు. వేలితో తడిమి నేర్చుకోవాల్సిందే.

రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, స్పైరల్ బొగ్గుని సుమారు 1.6 నుంచి 1.8 సాంద్రత మధ్య, ఒక్కోసారి ఇంకా పైన విడగొడుతుంది. 1.5 దగ్గర కోసి బాగా తక్కువ బూడిద ఉన్న బొగ్గు కావాలంటే ఒక్క దశ స్పైరల్‌తో రాదు. రెండోది, బంకమట్టి బురద బరువైనదే అయినా సన్నం కాబట్టి నీటితో పాటు బయటికి, క్లీన్ కోల్‌లోకి వచ్చేస్తుంది. స్పైరల్ బాగానే పనిచేస్తున్నా ల్యాబ్ బూడిద శాతం ఎక్కువ చూపిస్తే ముందు దీన్నే అనుమానించండి. క్లీన్ కోల్‌ని సీవ్ బెండ్ (వంపు జల్లెడ), హై ఫ్రీక్వెన్సీ స్క్రీన్ (వేగంగా కంపించే జల్లెడ) మీద నీటితో కడిగితే ఆ బురద కిందికి పోతుంది.

లెక్క ఇక్కడ బూడిదతో చేస్తారు. ఫీడ్ బూడిద 30, క్లీన్ కోల్ 14, రిజెక్ట్ 66 అయితే, 66లోంచి 30 తీసి 36, 66లోంచి 14 తీసి 52, భాగిస్తే 69 శాతం క్లీన్ కోల్.

ఒక్క దశతో సరిపెట్టుకోవద్దు

ఒక్క స్పైరల్ నుంచి మంచి గ్రేడు, మంచి రికవరీ రెండూ రావు. రఫర్‌లో ఎక్కువ పట్టుకుని, దాన్ని క్లీనర్‌లో శుభ్రం చేసి, రఫర్ టెయిలింగ్స్‌ని స్కావెంజర్‌లో మరోసారి చూడడం మామూలు పద్ధతి. క్లీనర్ ఫీడ్‌లో బరువు ఖనిజం చాలా ఎక్కువ, నీరు చాలా తక్కువ ఉంటుంది కాబట్టి అక్కడ నీరు కలపడం మర్చిపోవద్దు. మిడ్లింగ్స్‌ని తిరిగి రఫర్ ఫీడ్‌లోకి పంపేటప్పుడు అవి పేరుకుపోతున్నాయేమో చూడండి. అతుక్కున్న గింజలైతే ఎన్నిసార్లు తిప్పినా మిడ్లింగ్స్‌లోకే వస్తాయి, ఫీడ్ టన్నులు పెరిగి రఫర్ మునిగిపోతుంది. వాటిని మరపట్టాలి, లేదా వదిలేయాలి.

ఏదో తేడాగా ఉందనిపిస్తే

లోపలి అంచున ఇసుక కదలకుండా తిన్నెలా పేరుకుంటే చిక్కదనం ఎక్కువైంది లేదా ప్రవాహం తగ్గింది, నీరు కలిపి చూడండి. చేత్తో తోసేస్తే తాత్కాలికంగా పోతుంది, మళ్లీ వస్తుంది. పట్టీలన్నీ మసకబారి గీతే లేకుండా పోతే బురద లేదా ఓవర్‌లోడ్. ఒక్క గాడిలోనే తేడా ఉంటే ఆ గాడి హోస్‌లో అడ్డు, లేదా స్ప్లిట్టర్ మొన అరుగుదల. అన్ని గాడుల్లో ఒకేసారి వస్తే తప్పు పైన ఉంది, సంప్ దగ్గరికి నడవండి. గాడి మధ్యలో ఒకే చోట నీరు చిన్న తోకలా ఎగిరిపడుతుంటే అక్కడ పూత లేచింది, లేదా గట్టి పొర పేరుకుంది. వేలితో తడిమితే తెలుస్తుంది, దానికింద పట్టీ ఎప్పుడూ చెదిరే ఉంటుంది.

ఆపేటప్పుడు వరస తప్పొద్దు. ముందు సరుకు ఆపండి, నీరు అలాగే నడవనివ్వండి. గాడి అడుగు శుభ్రంగా కనిపించి, డిస్ట్రిబ్యూటర్ హోస్‌ల నుంచి ఉత్తి నీరు వచ్చేదాకా ఆగి, అప్పుడు పంపు ఆపండి. కరెంటు పోయి సరుకుతోనే ఆగిపోతే, మళ్లీ మొదలుపెట్టే ముందు ఒక్కో హోస్ విప్పి కడగండి. హోస్ వంపులో ఎండిన ఇసుక సిమెంటు బిళ్లలా గట్టిపడుతుంది, సగం మూసుకున్న ఆ హోస్ తర్వాత వారమంతా తక్కువ ఫీడ్ ఇస్తూనే ఉంటుంది, బకెట్ పెట్టి కొలిచేదాకా ఎవరికీ తెలియదు.